పరబ్‌కు పిల్లలను పంపే ముందు: ఇంట్లో, బడిలో చేసుకోవాల్సిన ఏర్పాట్లు

పొలాల్లో వరి కోతకు వచ్చి, కళ్లాల్లో చోళ్లు ఆరే రోజుల్లో కోరాపుట్ జిల్లా అంతటా పరబ్ మాట వినిపిస్తుంది. సాయంత్రం బడి గంట కొట్టాక కూడా పిల్లలు ఇంటికి వెళ్లరు. వరండాలో గజ్జెల చప్పుడు, మైదానంలో డప్పు చప్పుడు మొదలవుతాయి. బ్లాకు స్థాయిలో ఎంపికైన బృందాలు జిల్లా కేంద్రానికి వెళ్లి, వేల మంది ముందు, ఆరుబయట వేదిక మీద ఆడి పాడతాయి. లమ్తపుట్, నందపూర్, సెమిలిగుడ, జయపురం, రాయగడ ప్రాంతాల్లోని తెలుగు పిల్లలకూ ఇలాంటి అవకాశం వస్తుంది.

అవకాశం రాగానే బడిలో పాట గురించి ఆలోచిస్తాం, దుస్తుల గురించి ఆలోచిస్తాం. ఇంట్లో తల్లి ఆలోచన వేరుగా ఉంటుంది. రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఆడపిల్లలు బాత్రూముకు ఎక్కడికి వెళ్తారు? జనంలో తప్పిపోతే ఎవరు చూస్తారు? ఈ మూడు ప్రశ్నలకు బడి దగ్గర స్పష్టమైన జవాబు లేకపోతే ఆ తల్లి "ఈసారికి వద్దులెండి" అంటుంది. బాగా ఆడే పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. ఆమె స్థానంలో ఎవరో ఒకరు వెళ్తారు. మరుసటి ఏడాది ఆ పిల్ల సాధనకే రాదు.

అందుకే ఈ వారం పాటల గురించి కాక ఏర్పాట్ల గురించి రాస్తున్నాం. పిల్లలు వేదిక ఎక్కకుండా పోవడానికి ప్రతిభ లేకపోవడం కన్నా ఏర్పాట్లు లేకపోవడమే ఎక్కువగా కారణం అవుతోందని మా అభిప్రాయం. ఏర్పాట్లు మన చేతిలో ఉన్నవే. కాకపోతే ముందుగా మొదలుపెట్టాలి.

మనం అతిథులం కాదు

పరబ్ కోరాపుట్ జిల్లా పండుగ. ఏటా సాధారణంగా నవంబరులో జరుగుతుంది. జిల్లాలోని 14 బ్లాకుల కళాకారులను ఒకచోట చేర్చడం దీని ఉద్దేశం. 1992లో పాత కోరాపుట్ జిల్లాను నాలుగుగా విడదీశాక మిగతా మూడు జిల్లాలకూ ఇలాంటి పండుగలే ఏర్పడ్డాయి. రాయగడలో చైతి, నవరంగ్‌పూర్‌లో మండేయి, మల్కనగిరిలో మాల్యవంత. అన్నీ చలికాలంలో, ఆరుబయట జరిగేవే. కాబట్టి ఇక్కడ రాసినవి రాయగడ వైపు బడులకూ వర్తిస్తాయి.

లమ్తపుట్‌కు ఈ పండుగలో ప్రత్యేక స్థానం ఉంది. ఇది గదబల ప్రాంతం. వలయంగా నిలబడి, ఒకరి భుజాల వెనక ఒకరు చేతులు పెనవేసి ఆడే ధింసాను అరకు వైపు మన తెలుగువాళ్లు ఎంత బాగా ఎరుగుదురో, ఇక్కడివాళ్లు అంతకన్నా బాగా ఎరుగుదురు. గదబల్లోనే రెండు భాషలున్నాయి. లమ్తపుట్ పరిసరాల్లో వినిపించే గుతోబ్ ముండా భాషల కుటుంబానికి చెందింది. ఒల్లారి మాత్రం తెలుగులాగే ద్రావిడ భాష. పక్క ఊరి పిల్లవాడి భాష మన భాషకు దూరపు చుట్టమని మన పిల్లలకు ఎన్ని బడుల్లో చెప్తున్నాం?

తెలుగువాళ్లు ఇక్కడికి నిన్న మొన్న వచ్చినవాళ్లు కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ రచనలు చేశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద దాత. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. అది ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. దాని పనుల మీద వచ్చి ఇక్కడే పిల్లలను పెంచిన కుటుంబాలున్నాయి. కాబట్టి పరబ్ మైదానంలో మన పిల్లలు చూడ్డానికి వచ్చినవాళ్లుగానే మిగిలిపోనక్కరలేదు. ఆడడానికి వచ్చినవాళ్లుగా కూడా ఉండవచ్చు.

ఎడారి పండుగలు నేర్పే పాఠం

ఆరుబయట పెద్ద పండుగకు ఎలా సిద్ధం కావాలో బాగా తెలిసినవాళ్లు ఎడారుల్లో పండుగ చేసుకునేవాళ్లు. అక్కడ ఏమీ దొరకదు కాబట్టి అన్నీ ముందే ఆలోచించుకుంటారు.

మన దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారి ఉత్సవం మాఘ పౌర్ణమి వేళ జరుగుతుంది. ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ ఇసుక తిన్నెల మీద మాంగణియార్, లంగా గాయకులు పాడతారు. పగలు ఎండ చురుక్కుమంటుంది. సూర్యుడు దిగిన గంటకే ఇసుక చల్లబడి వణుకు మొదలవుతుంది. అక్కడికి వెళ్లేవాళ్లు టోపీనీ శాలువానూ ఒకే సంచిలో పెట్టుకుంటారు.

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో బ్లాక్ రాక్ ఎడారిలో బర్నింగ్ మ్యాన్ అనే పండుగ జరుగుతుంది. దాదాపు 70 వేల మంది ఒక వారం పాటు అక్కడ ఊరు కట్టుకుని ఉంటారు. లోపల ఐసు తప్ప దాదాపు ఏమీ అమ్మరు. మనిషికి రోజుకు ఐదారు లీటర్ల నీళ్లు ఎవరికి వారే తెచ్చుకోవాలని నిర్వాహకులు చెప్తారు. తెచ్చిన చెత్తను కూడా తిరిగి ఇంటికి తీసుకుపోవాలి. 2023లో అక్కడ అనుకోని వాన కురిసి నేల బురదైంది. దారులు మూసేశారు. వేల మంది రోజుల తరబడి ఉన్నచోటే ఆగిపోయారు. తిండి, నీళ్లు కాస్త ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు నెట్టుకొచ్చారు, పక్కవాళ్లకూ పెట్టారు.

మన కోరాపుట్ ఎడారి కాదు. చుట్టూ కొండలు, వాగులు, చెట్లు. అయినా పండుగ మూడు రోజులూ ఖాళీ మైదానం ఒక ఊరవుతుంది. ఆ ఊళ్లో మన బడికి సొంత కుళాయి ఉండదు, సొంత గది ఉండదు, సొంత దీపం ఉండదు. అక్కడ ఏమీ దొరకదనుకుని బయల్దేరితే, దొరికినప్పుడు సంతోషం. దొరుకుతుందిలే అనుకుని బయల్దేరితే, దొరకనప్పుడు ఇబ్బంది పడేది పిల్లలే.

చలి: అసలు శత్రువు

కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఈ జిల్లాలోనిదే. నవంబరు మధ్యాహ్నం ఎండ బాగానే ఉంటుంది కాబట్టి పిల్లలు స్వెటర్ వద్దంటారు. రాత్రి వేదిక పక్కన తమ వంతు కోసం కూర్చున్నప్పుడు మంచు మొదలవుతుంది.

ఆడే పిల్లకు చలి రెండుసార్లు తగులుతుంది. వంతు రాకముందు పలచని దుస్తుల్లో కూర్చున్నప్పుడు ఒకసారి. ఆడి దిగాక చెమటతో తడిసిన బట్ట మీద గాలి కొట్టినప్పుడు రెండోసారి. రెండోదే ఎక్కువ జబ్బు చేస్తుంది. అందుకు మార్గం తేలికే. ప్రతి పిల్లకూ ఒక పొడి బనియను, ఒక తువాలు, ముందు గుండీలు ఉన్న ఒక స్వెటర్ విడిగా ఒక సంచిలో ఉండాలి. తల మీదుగా తొడిగే స్వెటర్ అయితే జడా అలంకరణా చెదిరిపోతాయని పిల్లలు వేసుకోరు. గుండీలది అయితే వేదిక మెట్ల దాకా వేసుకుని, అక్కడ విప్పి టీచరుకు ఇస్తారు. దిగగానే తువాలుతో తుడుచుకుని, బనియను మార్చుకుని, మళ్లీ వేసుకుంటారు. ఈ పనికి ఒక పెద్దమనిషిని ప్రత్యేకంగా కేటాయించండి. సాధన రోజుల్లోనే ఇది కూడా సాధన చేయించండి.

పడుకునేది తరచు ఏదో ఒక బడి గదిలో, నేల మీద. కింద టార్పాలిన్ పరిచి, దాని మీద చాప, ఆపైన దుప్పటి వేయాలి. నేల చలి కిందనుంచి వస్తుంది కాబట్టి కప్పుకునే దుప్పటి ఎంత మందమైనా కింద ఏమీ లేకపోతే పిల్లవాడు నిద్రపోడు. ఇది మలేరియా ఉన్న జిల్లా కాబట్టి చలికాలమే కదా అని దోమతెరలు ఇంట్లో వదిలి రావద్దు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చలి ఎక్కువైందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి కాచుకోవాలంటే ఆరుబయట కాచుకుని, మంట ఆర్పి, లోపలికి వచ్చి పడుకోవాలి.

డప్పు కాచే చోట జాగ్రత్త

మంచుకు తోలు వాయిద్యాలు మెత్తబడతాయి. మధ్యాహ్నం ఖంగున పలికిన డప్పు రాత్రి తొమ్మిదికి బొద్దుగా పలుకుతుంది. తుడుము సంగతీ అంతే. వాయించేవాళ్లకు ఇది కొత్త కాదు, గడ్డి మంట వేసి కాచుకుంటారు. అయితే పండుగ దగ్గర ఆ మంట చుట్టూ నైలాన్ పావడాలు, జరీ ఓణీలు, కాగితం పూలు పెట్టుకున్న పిల్లలు చేరతారు. సింథటిక్ బట్ట అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తుంది.

కాబట్టి డప్పు కాచడం పెద్దవాళ్ల పని. మంట దగ్గర ఒక బకెట్ నీళ్లు, ఒక తడి గోనెసంచి ఉండాలి. వేషం కట్టిన పిల్లలెవరూ అక్కడికి పోకూడదు. వీలైతే దుస్తులు నూలు బట్టవే కుట్టించండి. నూలు చీర కుచ్చిళ్లు ధింసా అడుగుకు అడ్డం రావు, వేదిక దీపాల వేడికి ఉక్కపోయవు.

నీళ్లు, తిండి: లెక్క వేసుకుందాం

మనిషికి రోజుకు తాగడానికే రెండు లీటర్లు అనుకుందాం. 20 మంది పిల్లలు, నలుగురు పెద్దలు ఉంటే రోజుకు 48 లీటర్లు. అంటే 20 లీటర్ల డబ్బాలు రెండున్నర. మూడు డబ్బాలు పెట్టుకుంటే మిగులు ఉంటుంది. డబ్బాల మీద బడి పేరు రాయండి. ఒక్కో పిల్లకూ సొంత సీసా, దాని మీద పేరు. చలికి దాహం తెలియదు. అందుకే పిల్లలు తాగరు. ఆడపిల్లలు బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని కావాలనే తాగరు. దాని గురించి కింద రాస్తున్నాం.

తిండి విషయంలో మన ఇళ్లలో ఉన్నదే మంచిది. చోడి అంబలి, ఇక్కడివాళ్లు మండియా పేజ్ అనేది, ప్రయాణానికీ ఆటకీ సరిపడే ఆహారం. ఉదయం అది, మధ్యాహ్నం అన్నం పప్పు, సాయంత్రం అటుకులు లేదా అరటిపండు. ఆట ముందు కడుపు నిండా పెట్టవద్దు. రెండు గంటల ముందు తేలిగ్గా పెట్టి, ఆట అయ్యాక వేడిగా పెట్టండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు చేసుకునే పిల్లలెవరో తల్లులకు తెలుసు. వాళ్లను బస్సులో ముందు సీట్లలో కూర్చోబెట్టండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గోపురం కట్టకుండా సమంగా.

బాత్రూము సంగతి దాచకుండా మాట్లాడుకుందాం

ఆడపిల్లల తల్లులు ఈ మాట బడిలో అడగడానికి మొహమాటపడతారు. మగ టీచర్లు చెప్పడానికి మొహమాటపడతారు. మధ్యలో పిల్ల పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా, రాత్రి తలనొప్పితో వేదిక ఎక్కుతుంది.

బడి చేయాల్సింది ఇది. పండుగకు ముందే ఒక టీచరు మైదానానికీ బస చేసే చోటికీ వెళ్లి చూసి రావాలి. ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయి, గడియ పడుతుందా, నీళ్లు వస్తాయా, దారిలో దీపం ఉందా, వేదిక నుంచి ఎన్ని అడుగులు? చూసింది కాగితం మీద రాసి తల్లులకు చెప్పాలి. లేనిది లేదనే చెప్పాలి. లేకపోతే దగ్గర్లో ఏ బడిలోనో ఆఫీసులోనో అనుమతి ముందే అడిగి పెట్టుకోవాలి. బృందంలో ఆడపిల్లలుంటే మహిళా టీచరు తప్పనిసరి. ఒక తల్లి కూడా తోడు వస్తే ఇంకా మంచిది. రాత్రిపూట ఏ పిల్లా ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరు పిల్లలు, ఒక పెద్ద, ఒక టార్చి.

నెలసరి వచ్చే వయసు పిల్లలున్న బృందానికి శానిటరీ ప్యాడ్లు, పాత దినపత్రికలు, ఒక మూత ఉన్న డబ్బా మహిళా టీచరు సంచిలో ఉండాలి. ప్రయాణానికి ముందు వారం పిల్లలందరికీ "అవసరమైతే ఈ సంచిలో ఉన్నాయి, అడగక్కరలేదు, తీసుకోండి" అని చెప్పాలి. ఆ ఒక్క మాటతో వెనక్కి తగ్గబోయిన పిల్లలు ముందుకు వస్తారు.

చెవులు

ఎత్తైన సౌండ్ బాక్సుల ముందు పిల్లలు నిలబడడానికి ఇష్టపడతారు, ఛాతీలో దడదడ వస్తుందని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు. 90 అయితే నాలుగు గంటలు. 100 డెసిబెల్స్ అయితే వారం మొత్తానికి 20 నిమిషాలే. ఇవి పెద్దవాళ్ల లెక్కలు. పిల్లలకు ఇంకా తక్కువే మంచిది. 2022లో ఆ సంస్థ సంగీత వేదికల కోసం ప్రమాణాలు ప్రకటిస్తూ, సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని చెప్పింది.

మనం డెసిబెల్స్ కొలవలేం. కానీ చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడ పిల్లలు ఉండకూడదని అర్థం చేసుకోవచ్చు. బాక్సుల నుంచి వీలైనంత దూరంగా, పక్కకు కూర్చోబెట్టండి. గంటకోసారి పది నిమిషాలు బయటికి తీసుకెళ్లండి. మర్నాడు చెవిలో గుయ్యిమంటోందని పిల్ల చెబితే కొట్టిపారేయవద్దు.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సాంస్కృతిక ఉత్సవాలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. అందుకే కార్యక్రమం ఆలస్యం అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. చిన్న పిల్లల అంశం ముందుగా పెట్టమని నిర్వాహకులకు రాతపూర్వకంగా అడగండి.

సికిల్ సెల్ ఉన్న పిల్లలు

మన ప్రాంతంలో ఇది చాలా ఇళ్లకు తెలిసిన జబ్బు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఒడిశా అందులో ఉంది.

ఈ జబ్బు ఉన్న పిల్లలకు ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, బాగా అలసిపోయినా ఎముకల్లో తీవ్రమైన నొప్పి మొదలవుతుంది. చలికాలపు రాత్రి ఆరుబయట ఆడే ఆటలో ఈ మూడూ ఒకేచోట ఉంటాయి. అందువల్ల వాళ్లను తీసేయాలా? అక్కరలేదు. ముందు డాక్టరును అడగాలి. పరుగు, గెంతు తక్కువ ఉన్న భాగం ఇవ్వాలి. పాట పాడవచ్చు, తాళం వేయవచ్చు, వ్యాఖ్యానం చెప్పవచ్చు. నీళ్లు గంట గంటకూ తాగించాలి. అందరికన్నా ముందు స్వెటర్ వేయించాలి. రోజూ వేసుకునే మాత్రలు టీచరు చేతికి ఇవ్వాలి. నొప్పి మొదలైతే "ఆడి దిగాక చూద్దాం" అనకూడదు. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తల్లిదండ్రులకు మా మనవి: బృందం నుంచి తీసేస్తారేమోనని జబ్బు దాచవద్దు. టీచర్లకు మా మనవి: చెప్పినందుకు పిల్లను తీసేయవద్దు. మీరు తీసేస్తే మరుసటి ఏడాది ఎవరూ చెప్పరు.

తప్పిపోతే

ఇక్కడ మన పిల్లలకు మిగతావాళ్లకు లేని ఒక ఇబ్బంది ఉంది. మైకులో పిలుపు ఒడియాలో వస్తుంది. బోర్డులు ఒడియాలో ఉంటాయి. పోలీసు అన్న దేశియాలోనో ఒడియాలోనో అడుగుతాడు. తెలుగు తప్ప నోరు తిరగని చిన్న పిల్ల భయంతో ఏడుస్తుంది కానీ జవాబు చెప్పలేదు.

కాబట్టి ప్రతి పిల్ల మెడలో ఒక కార్డు ఉండాలి. ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో బడి పేరు, ఊరు, ఇద్దరు టీచర్ల ఫోన్ నంబర్లు. పిల్ల పేరు, ఇంటి నంబరు బయటికి కనపడేలా కాక కార్డు లోపల మడతలో రాయండి. పేరు చదివి పిలిచినవాళ్లందరినీ పిల్లలు తెలిసినవాళ్లే అనుకుంటారు. చిన్నవాళ్లకు కొన్ని మాటలు నోటికి రావాలి. నీళ్లకు పాణి, మరుగుదొడ్డికి శౌచాళయ, మా ఇల్లు లమ్తపుట్ అనడానికి "మో ఘర లమ్తపుట్". ఆ పదాలు ఒడియా అక్షరాల్లో గోడ మీద రాసి పది రోజులు చూపిస్తే బోర్డు గుర్తుపడతారు. మాతృభాషలో చదువు రాజ్యాంగంలోని 350ఏ అధికరణం మనకిచ్చిన సౌకర్యం. ఇరుగుపొరుగు భాష నేర్చుకోవడం దానికి అడ్డు కాదు. జనంలో అది పిల్లకు రక్షణ కూడా.

మైదానానికి చేరగానే అందరికీ కనిపించే ఒక గుర్తు చూపించండి. పెద్ద చెట్టో, నీళ్ల ట్యాంకో. "తప్పిపోతే వెతకొద్దు, ఇక్కడికి వచ్చి నిలబడు" అని చెప్పండి. ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద. గంటకోసారి లెక్క. బస్సు ఎక్కే ముందు లెక్క, దిగాక లెక్క. 1098 పిల్లల సహాయ నంబరు, 112 అత్యవసర నంబరు. రెండూ కార్డు మీద ఉండాలి. బంగారు గాజులు, గొలుసులు ఇంట్లోనే ఉంచండి.

ఏం ఆడిద్దాం

ఎక్కువ బడులు సినిమా పాటకే మొగ్గుతాయి. పిల్లలకు ఇష్టం, నేర్పడం తేలిక. పండుగ ఉద్దేశం మాత్రం జానపద, గిరిజన కళలు. అక్కడ తెలుగు బడి తనదంటూ తీసుకెళ్లదగినవి చాలా ఉన్నాయి. కోలాటం ఉంది. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు ఉన్నాయి. జముకుల కథ ఉంది. వీటిని చూసిన తాతలు, మామ్మలు మన వీధుల్లోనే ఉంటారు. అడిగితే చెప్తారు.

ధింసా ఆడించాలనుకుంటే పక్క ఊరి గదబ, పరజ పెద్దలను పిలిచి నేర్చుకోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరిదో వేదిక మీద చెప్పండి. వీడియో చూసి అడుగులు వేసి, దుస్తులు అద్దెకు తెచ్చి, "గిరిజన నృత్యం" అని మాత్రమే ప్రకటిస్తే ఆ మైదానంలో కూర్చున్న అసలు కళాకారులకు అది ఎలా ఉంటుందో ఆలోచించండి. గదబ మహిళలు కెరంగ్ నారతో నేసుకునే చారల బట్టను ఇప్పుడు నేసేవాళ్లు తగ్గిపోయారు. దాని గురించి పిల్లలకు ఒక పాఠంగా చెప్పవచ్చు, వేషంగా వాడాల్సిన అవసరం లేదు.

సాధన చివరి పది రోజులు ఆరుబయటే చేయించండి. గదిలో గోడలు పాటను తిరిగి చెవికి అందిస్తాయి. మైదానంలో గొంతు గాలికి పోతుంది. అలవాటు లేని పిల్ల అరిచి పాడి మొదటి చరణానికే గొంతు పోగొట్టుకుంటుంది.

నెల రోజుల లెక్క

నాలుగు వారాల ముందు: బృందం ఎంపిక, ఆరోగ్య వివరాలు, తల్లిదండ్రుల సమావేశం. ఖర్చు ఎంత, బడి ఎంత పెడుతుంది, ఇంటి నుంచి ఏమీ ఇవ్వలేని వాళ్ల సంగతి ఏమిటి అన్నవి ఆ రోజే తేల్చాలి. కూలికి వెళ్లే తల్లిదండ్రులుంటారు కాబట్టి సమావేశం సాయంత్రం పెట్టండి, సంత రోజు వద్దు.

మూడు వారాల ముందు: టీచరు వెళ్లి బసను, మైదానాన్ని చూసి రావాలి. వాహనం మాట్లాడాలి. సీట్ల కన్నా ఎక్కువ మందిని ఎక్కించకూడదు. పొగమంచులో ఘాట్ రోడ్డు ప్రయాణం ప్రమాదం కాబట్టి ఆట అయిన రాత్రే తిరిగి రావాలని అనుకోవద్దు. మర్నాడు ఎండ వచ్చాక బయల్దేరండి.

రెండు వారాల ముందు: కార్డులు, మందుల పెట్టె, దుప్పట్లు, టార్చీలు. ఆరుబయట సాధన మొదలు.

వారం ముందు: వేషంతో, స్వెటర్ మార్పుతో సహా ఒక పూర్తి సాధన, తల్లిదండ్రుల ఎదుట, రాత్రిపూట.

ముందు రోజు: ప్రతి సంచీ తెరిచి చూడటం. తిరుగు ప్రయాణంలో చెత్త తెచ్చుకోవడానికి ఖాళీ గోనెసంచులు రెండు.

అనుమతి పత్రం

చాలా బడులు పంపే అనుమతి పత్రంలో ఒకటే వాక్యం ఉంటుంది. మా పిల్లను పంపడానికి మాకు అభ్యంతరం లేదు అని. కింద సంతకం. పిల్లకు ఏమైనా జరిగితే బడికి సంబంధం లేదన్నట్టు ఉంటుంది ఆ కాగితం.

దాన్ని మార్చమని మేం కోరుతున్నాం. పత్రంలో పైభాగం బడి రాయాలి. ఎప్పుడు బయల్దేరుతున్నాం, ఏ వాహనంలో, ఎవరు తోడు, ఎక్కడ పడుకుంటారు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడ, దగ్గర ఆసుపత్రి ఏది, ఎప్పుడు తిరిగి వస్తాం. కింద ప్రధానోపాధ్యాయుల సంతకం. ఆ తర్వాతే తల్లిదండ్రుల భాగం. పిల్ల ఆరోగ్యం, మందులు, ఫోన్ నంబరు, సంతకం. రెండు ప్రతులు తీసి ఒకటి ఇంట్లో ఉంచాలి. చదవడం రాని తల్లికి టీచరు ఇంటికి వెళ్లి చదివి వినిపించాలి.

ఆ పత్రం ఈ నెలలోనే తయారు చేయండి. పరబ్ తేదీలు ప్రకటించేదాకా ఆగక్కరలేదు. తేదీ ఒక్కటీ ఖాళీగా ఉంచితే చాలు.